అడుగున ఉంచిన ఒక్కటి

స్టోర్లలోనూ ఆఫీసుల్లోనూ కొత్తగా చేరిన పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తూ ఉంటారు. ఈఆర్పీ రాకముందు మీరంతా ఎలా నెట్టుకొచ్చారండీ అని అడుగుతారు. బాగానే నెట్టుకొచ్చాం. తప్పులు కూడా బాగానే చేశాం. కాకపోతే అప్పట్లో ఎవరి తప్పు వాళ్ల గదిలో, వాళ్ల పుస్తకంలో పడుకుని ఉండేది. ఈఆర్పీ అనే ఆ కంప్యూటరు ప్రోగ్రాము వచ్చి అన్ని గదుల తలుపులూ ఒకేసారి తీసింది. ఆ రోజుల్లో నేను చేసిన తప్పు వల్ల ఒక పెద్దాయన దొంగ అనిపించుకుని కువైట్ వదిలి వెళ్లిపోవలసి వచ్చేదే. మీకు ఉపయోగపడుతుందేమోనని అది రాస్తున్నాను.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలు జబ్బు చేసి మూడేళ్లు మంచం మీదే ఉన్నాను. మా అమ్మ అక్షరాలు దిద్దించింది, మేనత్త లెక్కలు చెప్పింది. తర్వాత ప్రైవేటుగా పదో తరగతి కట్టాను. పెళ్లయి అమలాపురం వైపు నుంచి కువైట్ వచ్చాక, మా ఆయన ఎవరి దగ్గరో తెచ్చిన పాత కంప్యూటరు మీద, పక్కన పుస్తకం పెట్టుకుని, టైపింగూ ఎక్సెలూ నేర్చుకున్నాను. మా ఆయన పనిచేసే ఏసీ సర్వీసు కంపెనీలోనే నాకు స్టోరు క్లర్కుగా పని దొరికింది. అంత చదువుకే అంత పని ఇచ్చిన అమ్మవారికి, ఆ తల్లికి రోజూ దణ్ణం పెట్టుకునే బయలుదేరేదాన్ని. మా వంటింటి అలమరలో పై అరలో ఆమె పటం ఉండేది, కింది అరలో పప్పు డబ్బాలు.

కంపెనీ ఆఫీసు అర్దియాలో, స్టోరు సబ్హాన్‌లో. ఎవరి ఇంట్లో ఏసీ పాడైనా ఫోను అర్దియాకి వచ్చేది. వాళ్లు సబ్హాన్‌కి ఫోను చేసి ఫలానా సామాను ఉందా అని అడిగేవాళ్లు. ఉందంటే టెక్నీషియన్ వ్యాను వేసుకుని వచ్చేవాడు. సరుకు కొన్న ఫైళ్లు అర్దియాలో, స్టోరుకి వచ్చిందీ ఇచ్చిందీ రాసుకునే కార్డులు సబ్హాన్‌లో. ఇన్నేళ్లలో ఆ రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకున్న పాపాన పోలేదు. ఒకే మోటారును ఒకే నెలలో రెండుసార్లు కొన్న సందర్భాలు ఉన్నాయి. ఉందనుకున్న బోర్డు లేక, ఎండలో వ్యాను ఖాళీగా తిరిగి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. వీటన్నిటినీ ఒకే పుస్తకంగా కుట్టడానికే ఈఆర్పీ పెడుతున్నామని చెప్పారు.

స్టోర్‌కీపరు రాయచోటి ప్రాంతం ఆయన. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. నేను బాబాయ్‌గారూ అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవారు. ఆయన భార్య ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీల ఇంట్లో పని చేసేది. ఇద్దరూ కలుసుకునేది శుక్రవారాలు మాత్రమే, అదీ ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, సరేనంటేనే. బాబాయ్‌గారికి ఆ స్టోరులో ఏ అరలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పడం వచ్చు. కంప్యూటరంటే మాత్రం గిట్టదు. నేను కొత్త ప్రోగ్రాము నేర్చుకుంటూ ఉంటే వెనక నిలబడి చూసి, "అది తెలివైందే పాపా, నిచ్చెన ఎక్కమను సూద్దాం" అని నవ్వేవారు.

కొత్త ప్రోగ్రాము మొదలవ్వాలంటే ముందు స్టోరంతా లెక్కపెట్టాలి. దానికొక నియమం ఉంది. ఒకరు లెక్కపెడితే, ఇంకొకరు పక్కనే నిలబడి తమ కళ్లతో చూసి రాయాలి. ప్రతి కాగితం కింద ఇద్దరూ సంతకం చేయాలి. ప్రోగ్రాము పెట్టడానికి వచ్చిన కన్సల్టెంటు, నిదానస్తుడైన మలయాళీ ఆయన, నాకు ఈ మాట రెండుసార్లు చెప్పాడు.

అది జూన్ నెల. రేకుల షెడ్డు. నా కాలు సంగతి తెలిసి బాబాయ్‌గారే అన్నారు, నువ్వు ఫ్యాను కింద కూసో పాపా, నేను చెప్తా ఉంటా, నువ్వు రాయి అని. నేను కూర్చున్నాను. ఆయన నిచ్చెన ఎక్కి ఒక్కొక్క డబ్బాలో చెయ్యి పెట్టి, కార్డు చూసి, నాలుగు, ఏడు, పదకొండు అని కేకేస్తూ ఉంటే రాసుకుంటూ పోయాను. నాలుగు రోజులు అలాగే సాగింది. కాగితాలన్నిటి కిందా 'చూసినవారు' అన్నచోట నా సంతకం పెట్టాను. ఒక్క డబ్బాలోకీ తొంగి చూడలేదు. అంత నమ్మకమైన మనిషి మాట మీద మళ్లీ చూడటం ఆయన్ని అవమానించినట్టు అనిపించింది. మర్యాద అనుకున్నాను. బద్ధకం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఒక గురువారం కన్సల్టెంటు అర్దియాలోని కొనుగోలు ఫైళ్లూ, ఇచ్చిన చీటీలూ, మా లెక్క కాగితాలూ మూడూ కలిపి ఎక్కించాడు. తేడాల జాబితా బయటికి వచ్చింది. పేజీలకు పేజీలు. కొన్నిచోట్ల రెండూ మూడూ తేడాలు, అవి ఎక్కడైనా ఉండేవే. కానీ వందల సామాన్లకు ఎదురుగా ఒకే అంకె: ఒకటి తక్కువ. బోర్డులు ఒకటి తక్కువ, థర్మోస్టాట్లు ఒకటి తక్కువ, కెపాసిటర్లు ఒక్కో సైజులోనూ ఒకటి తక్కువ.

మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు ఆయన. కోపిష్టి కాదు, కానీ అంకెను మనిషి కంటే ఎక్కువ నమ్మేవాడు. జాబితా మొత్తం చదివి తెలివైన దొంగ అన్నాడు. ఒకేచోట పది తీస్తే తెలుస్తుంది, పదిచోట్ల ఒక్కొక్కటి తీస్తే ఎవరికి తెలుస్తుంది? మళ్లీ లెక్కపెట్టిద్దామా అని కన్సల్టెంటు అడిగితే, ఎందుకు, రెండు సంతకాలు ఉన్నాయి కదా అన్నాడు. అందులో ఒకటి నాదే. ఆ మాట నా ఎదుటే అన్నాడు. నేను ఆ కాగితాలు సర్ది ఫైల్లో పెట్టాను.

బాబాయ్‌గారిని పిలిపించి అడిగారు. ఆయన కార్డులు తెచ్చి బల్ల మీద పెట్టారు. కార్డులో ఉన్నంత సరుకూ స్టోరులో ఉంది, ఒక్కటి కూడా పోలేదు అన్నారు. నిజమే, కార్డులూ మా లెక్కా సరిపోయాయి. సరిపోనిది అర్దియా ఫైళ్లతో. మరి కొన్నవి ఏమయ్యాయి అని ముదీర్ రెట్టించాడు. బాబాయ్‌గారి మొహం ఎర్రబడింది. కార్డులు ఏరుకుని గది బయటికి నడిచారు. బయటికి వచ్చాక నేను బతిమాలాను, ఏదో ఒకటి చెప్పండి బాబాయ్‌గారూ అని.

"పదైదేండ్లు చేసినాక కూడా నేను దొంగను కాదని చెప్పుకోవాల్నా పాపా? చెప్పుకుంటే ఉండేది ఏముండాది, పోతే పోయేది ఏముండాది" అన్నారు.

ఖలాస్ అన్నాడు ముదీర్. మా మందూబ్‌ని, అంటే ప్రభుత్వ ఆఫీసుల్లో కంపెనీ కాగితాలు తిప్పే మనిషిని, శనివారం పొద్దున్నే వెళ్లి బాబాయ్‌గారి ఇఖామా, అంటే కువైట్‌లో ఉండే అనుమతి, రద్దు చేయించమన్నాడు. వీసా ఇచ్చిన కఫీల్ దాకా, పోలీసుల దాకా వెళ్లకుండా పంపించేయడమే ఆయన లెక్కలో దయ. కానీ దొంగతనం మాట ఒకసారి కాగితం ఎక్కితే బాబాయ్‌గారు మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేరు.

అప్పట్లో సెలవు శుక్రవారం ఒక్కటే. ఆ శుక్రవారం పొద్దున ఆయన భార్య ఫోను చేసింది. మామా నిద్ర లేవకముందు, వంటింట్లోంచి, గొంతు తగ్గించి.

"పాపా, ఆయప్ప నాకేం చెప్పడంల్యా. పక్క రూము వాళ్లు చెప్పిరి. నిజంగా తీసినాడా? తీసింటే తీసినాడని చెప్పు, నేనేం అనుకోను. నేనూ మామాను అడిగి పాస్‌పోర్టు తీసుకుని ఆయప్పతోనే పోతా. ఒక్కదాన్నే ఈడుండి ఏం చేసేది?"

ఆయన తీయలేదు పిన్నీ అన్నాను. నీకెట్ల తెలుసు పాపా అంది. అంతలోనే మామా లేసినట్టుంది అని పెట్టేసింది.

అన్నం వండాలి కదా. బియ్యం డబ్బా తీశాను. కొత్త బస్తా ఇంకా తేలేదు, డబ్బా ఖాళీ కావచ్చింది. గ్లాసుతో తీసి, చివర రెండు గుప్పిళ్లు అడుగున వదిలేసి మూత పెట్టబోయాను. మా అమ్మ అలాగే చేసేది. మా ఇళ్లలో బియ్యం డబ్బా ఊడ్చి పెట్టం. అడుగున ఉన్నది వండుకోవడానికి కాదు, అది ఆ తల్లిది. ఇంట్లో బియ్యం ఎన్ని ఉన్నాయని ఎవరైనా అడిగితే దాన్ని లెక్కలో చెప్పం కూడా.

మూత చేతిలోనే ఉండిపోయింది. ఎవరైనా అడిగితే నేను లెక్కలో చెప్పను. అడుగున ఒకటి ఉంచితే ఆయన మాత్రం ఎందుకు చెబుతారు?

ఆ మధ్యాహ్నం మా ఆయనతో చెప్పాను. ఆయన తేలికైన దారి ఒకటి చూపించారు. ప్రోగ్రాములో సరుకు సవరించే అధికారం నాకు ఉంది. శనివారం స్టోరుకి వెళ్లి, డబ్బాలు చూసుకుని, ఒక్కొక్కటి కలిపేసి, లెక్కలో పొరపాటు జరిగిందని చెబితే సరిపోతుందన్నారు. ఎవరి పొరపాటు అని అడిగితేనో అన్నాను. లెక్క తప్పు చెప్పినవాడు బాబాయ్‌గారే అవుతారు. మళ్లీ ఆయన మీదకే వస్తుంది. అదీగాక నేను సబ్హాన్ చేరేసరికి మందూబ్ అర్దియా నుంచి బయలుదేరిపోతాడు.

శనివారం సబ్హాన్ వెళ్లలేదు. నేరుగా అర్దియా వెళ్లాను. ఉద్యోగం పోతే పోయింది, ఇచ్చిన తల్లే ఇంకొకటి చూపిస్తుంది అనుకుంటూ మెట్లు ఎక్కాను. మందూబ్ ఫైలు చంకలో పెట్టుకుని చాయ్ తాగుతున్నాడు. ముదీర్ తలెత్తి ఏమిటన్నాడు.

"ఆ కాగితాల మీద సంతకం నాదే సార్. చూశానని రాశాను. నేను చూడలేదు" అన్నాను.

ఒక్క డబ్బా కూడా చూడలేదా అని అడిగాడు. ఒక్కటి కూడా చూడలేదన్నాను. అంతలో మందూబ్ బయలుదేరడానికి యల్లా అంటూ లేచాడు. ముదీర్ చెయ్యి అడ్డం పెట్టి, ఆ ఫైలు బల్ల మీద పెట్టించాడు. కారు తీయమన్నాడు. కన్సల్టెంటు కూడా మాతో ఎక్కాడు.

సబ్హాన్‌లో బాబాయ్‌గారు తన సామాను సర్దుకుంటున్నారు. మమ్మల్ని చూసి పక్కకు తప్పుకున్నారు. ఈసారి నేనే నిచ్చెన ఎక్కాను. మొదటి డబ్బా కెపాసిటర్లది, కార్డు మీద ఆరు. ఒక్కొక్కటీ తీసి కింద ముదీర్ చేతికి ఇచ్చాను. ఆరు. డబ్బా అడుగున ఒక అట్టముక్క. దాన్ని ఎత్తాను. కింద తెలుగు పేపరులో చుట్టిన ఏడోది ఉంది. పేపరు మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు. దసరా నాడు పెట్టినట్టుంది.

ముదీర్ ఆ బొట్టును గోటితో గీకి, తుప్పా అని అడిగాడు.

రెండో డబ్బాలోనూ ఉంది. మూడోదాంట్లోనూ ఉంది. పదో డబ్బా దాకా అన్నిట్లోనూ ఉంది. అప్పుడు నాకు వచ్చిన అరబ్బీలో, హిందీలో, చేతులతో చెప్పాను: మా ఇళ్లలో బియ్యం డబ్బా ఇలాగే, అడుగున ఉన్నది లెక్కలోకి రాదు. ఈయన కొత్త రకం సామాను ఏది వచ్చినా మొదటిదాన్ని అడుగున పెట్టి, రెండోదాని నుంచి కార్డు మొదలుపెడతారు. బయటికి ఏదీ పోలేదు.

ఎందుకు దాచావని ముదీర్ బాబాయ్‌గారిని అడిగాడు.

"దాయలేదు సాబ్. అది సరుకు కాదు, అడుగు" అన్నారు ఆయన హిందీలో. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే అదీ తీసి ఇచ్చాననీ, కొత్తవి రాగానే మొట్టమొదట దాని చోటే నింపాననీ చెప్పారు. ఇంతమంది ఇన్నిసార్లు సరుకు పోయింది పోయింది అంటూ ఉంటే, పోయిందంటున్నది దీన్నే అని ఆయనకు తట్టనే లేదు. బియ్యం లెక్కలో అడుగు బియ్యం నాకు తట్టనట్టే.

ముదీర్ ఆ పొట్లాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. వాళ్లమ్మ కూడా పిండి జాడీ ఊడ్చేది కాదట. బర్కత్, అంటే దేవుడిచ్చిన కలిమి, పోతుందని. ఆ మాట మెల్లగా చెప్పి, వెంటనే గొంతు మార్చి, "బర్కత్ మీ ఇంట్లో. ఇక్కడ నంబర్" అన్నాడు.

బల్ల మీదున్న మందూబ్ ఫైలు తిరిగి అలమరలోకి వెళ్లింది. స్టోరంతా మళ్లీ లెక్కపెట్టాం. నాకు మాత్రం హెచ్చరిక కాగితం ఇచ్చారు, చూడకుండా చూశానని సంతకం చేసినందుకు. నా సర్వీసు మొత్తంలో వచ్చిన హెచ్చరిక అదొక్కటే. ఇప్పటికీ దాచుకున్నాను. అది ఇచ్చిన మనిషికి కూడా కృతజ్ఞురాలినే. ఉద్యోగం తీసేయగలిగి కూడా తీయలేదు కదా.

ఇక బాబాయ్‌గారు నాకు దణ్ణాలు పెట్టి ఉంటారని మీరు అనుకుంటే పొరపాటు. ఆయన నాతో మాట్లాడటం మానేశారు. చీటీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవారు. మూడు వారాలు. నేనే ఒకరోజు ఆపి అడిగితే, "ఇంటి మాట అందరి ముందరా ఇప్పి పెట్టినావు పాపా. దొంగని పోయింటే నా ఒక్కడితో పోయుండు" అన్నారు.

పైగా ఆ ప్రోగ్రాములో ప్రతి సామానుకూ ఒక గడి ఉంటుందనీ, ఇంతకంటే తగ్గకూడదని అందులో ఒక అంకె పెట్టుకోవచ్చనీ కన్సల్టెంటు చూపించాడు. సరుకు ఆ అంకెకు దిగగానే, కొనమని అర్దియాకి దానంతట అదే కాగితం పంపుతుంది. అన్నిటికీ ఒకటి అని పెట్టాం. ఆయనకు నచ్చుతుందని సంబరంగా చెప్పాను. నా అడుగును తీసుకుపోయి ఆ పెట్టెకు అప్పజెప్పినావు, అదేమన్నా దీపం పెడతాదా అన్నారు. మూడు వారాల తర్వాత నాతో అన్న రెండో మాట అదే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అర్దియాలోనే ఒక ఇంట్లో ఏసీ ఆగింది. మంచం పట్టిన ముసలామె ఉన్న ఇల్లు. కావలసింది ఒక బోర్డు. పాత రోజులైతే అర్దియా వాళ్లు ఫోను చేసేవాళ్లు, బాబాయ్‌గారు లేదనేవారు, అంతటితో అయిపోయేది. ఇప్పుడు వాళ్ల తెర మీద కూడా మా స్టోరు కనిపిస్తుంది. ఒకటి ఉందని చూసి వ్యాను పంపేశారు. టెక్నీషియన్ వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

బాబాయ్‌గారు లేదన్నారు.

ఉందని ఆఫీసులో చూపిస్తోంది కదా అన్నాడు అతను. ఆయన నా వైపు చూశారు. ముసలామె సంగతి నేను చెప్పాను. బాబాయ్‌గారు ప్రాణం మీదికి వస్తే ఇచ్చే మనిషే. కానీ అప్పుడు అది ఆయన ఇవ్వడం. ఇది ఎవరో దూరాన కూర్చుని ఆయన చెయ్యి పట్టి ఇప్పించడం. ఆ తేడా నాకు అర్థమైంది.

"కొత్తవి ఎప్పుడు వస్తాయంట?" అన్నారు.

"రేపు బాబాయ్‌గారూ. సరుకు పోర్టులోంచి బయటికి వచ్చేసింది."

"ఆ పెట్టె చెప్తాందా, నువ్వు చెప్తాండావా?"

తెర మీద ఉన్నది రేపటి తేదీయే. కానీ పోర్టు సంగతి పొద్దున నేను ఫోను చేసి కనుక్కున్నాను. అందుకని ధైర్యంగా నేనే చెబుతున్నానన్నాను. ఆయన నిచ్చెన ఎక్కి, అట్టముక్క ఎత్తి, బొట్టున్న పేపరు విప్పి మడిచి జేబులో పెట్టుకున్నారు. బోర్డు కిటికీలోంచి ఇచ్చేశారు. ఖాళీ డబ్బాను చొక్కా చేతితో తుడిచి మళ్లీ అరలో పెట్టారు. ఆ స్టోరులో ఖాళీ డబ్బా నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున లారీ రాలేదు. పదకొండు దాకా రాలేదు. ఆయన గేటు దగ్గర ఎండలోనే నిలబడ్డారు. నేను లోపల పేర్లు గుర్తున్న దేవుళ్లందరినీ తలుచుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి లారీ వచ్చింది.

అట్టపెట్టె కోసి మొదటి బోర్డు ఆయనే తీశారు. జేబులోని పేపరులో చుట్టారు. నిచ్చెన ఎక్కి డబ్బా అడుగున పెట్టి, ఒకటి అని కేకేశారు. నేను ఫ్యాను కింద, పెన్ను పట్టుకుని ఉన్నాను. రాయబోయాను.

"కూసోని రాయగాకు పాపా. లేసి వచ్చి సూడు."

లేచి వెళ్లాను. ఆయన కిందికి దిగి నిచ్చెన పట్టుకున్నారు. నేను ఎక్కి డబ్బాలోకి తొంగి చూశాను. ఒకటే ఉంది. ఒకటని రాశాను.